పొట్లంలో వచ్చిన చుట్టాలు

పుల్పళ్ళి
జూన్ 14, 1998

బిన్సీ తల్లికి ఏలిక్కుట్టి పెద్దమ్మ దీవించి రాసేది.

ఇక్కడ వాన. త్రిస్సూరులోనూ వానే అయ్యుంటుంది. మీ అమ్మ మోకాళ్ళకని కాచిన నూనె పంపాను, ముట్టిందో లేదో ఒక్క ముక్క రాయలేదు. మీ ఇంట్లోకి సీసా పోతుంది గానీ మాట బయటికి రాదు.

అసలు సంగతికొస్తాను. మిరియపు తోట పోతోందే. పొద్దున ప్రార్థనకి వెళ్ళేటప్పుడు పచ్చగా ఉన్న తీగ తిరిగొచ్చేసరికి ఆకులు వేలాడేస్తోంది. వారం తిరక్కుండా కణుపు కణుపూ ఊడి కింద పడుతోంది. పై వాలు సగం అయిపోయింది. కొట్లో ఇచ్చిన మందేదో కొట్టాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, బాగున్న తీగలు కూడా మాడిపోయాయి.

మా బావగారు పైలి సంగతి తెలుసుగా. మీ ఔసేప్ పెదనాన్న పోయాక ఈ కొండకి తనే పెద్ద. "ఓణం దాకా చూస్తాను ఏలిక్కుట్టీ. ఈలోపు తోట తేరుకోకపోతే ఊత చెట్లతో సహా నరికించి రబ్బరు వేస్తాను" అన్నాడు. ఆ తీగలు నేనూ మీ పెదనాన్నా పెళ్ళయిన కొత్తలో పెట్టినవి. ఆయన గొయ్యి తవ్వేవాడు, నేను తీగ పెట్టేదాన్ని. ఇద్దరికీ వచ్చిన పని అదొక్కటే.

నువ్వు ఆ కాలేజీలో మొక్కల రోగాల మీదే కదా పనిచేసేది. మంచి మందు పంపు. పుర్రె, రెండెముకల బొమ్మ ఉన్నదే పంపు. బొమ్మ లేని మందు మీద నాకు నమ్మకం లేదు.

నీ పెద్దమ్మ,
ఏలిక్కుట్టి


త్రిస్సూరు
జూన్ 22

పెద్దమ్మకి బిన్సీ స్తోత్రం.

నూనె ముట్టింది. అమ్మ మోకాళ్ళకి సగం, జుట్టుకి సగం రాసుకుంటోంది. రెండూ బాగున్నాయట.

ఈ ఉత్తరంతో పాటు తెల్లటి పొడి పొట్లం పంపుతున్నాను. పుర్రె బొమ్మ లేదు, వెతక్కు. ఇది విషం కాదు, ప్రాణమున్న మందు. మంచి మట్టిలో సహజంగా ఉండే బాక్టీరియా. చిటికెడు పొడిలో కోట్లలో ఉంటాయి. అవి తీగ వేళ్ళ చుట్టూ కాపురం పెడతాయి. తెగులు తెచ్చే బూజుని దగ్గరికి రానివ్వవు, దాని నోటి కాడ కూడు లాక్కుంటాయి. పైగా వేరు ఏపుగా పెరగడానికి కావలసిన రసాలు కూడా అవే ఊరిస్తాయి.

ఎండ తగలనివ్వకు. మైలుతుత్తం, సున్నం కలిపిన మందు వీటి దరిదాపులకి రానివ్వకు. మాగిన పేడ ఎరువులో కలిపి, నీడన, తడి ఆరకుండా కొన్నాళ్ళు ఉంచి, తర్వాత తీగల మొదట్లో వెయ్యి. పూర్తిగా ఎండిన తీగని ఇవి లేపలేవు. ఇంకా పచ్చగా ఉన్నవాటినే కాపాడతాయి. కాబట్టి తొందరగా చెయ్యి.

మరీ భయపడకు. ఇంటికి చుట్టాలొచ్చారనుకో. మర్యాదగా చూసుకుంటే నీ పని వాళ్ళే చేసిపెడతారు.

ప్రేమతో,
బిన్సీ


పుల్పళ్ళి
జూలై 5

బిన్సీకి,

చదువుకున్న పిల్లవి కదా అని మందడిగితే ఇంటికి రోగాన్నే రిజిస్టరు పోస్టులో పంపిస్తావా! పొట్లంలో ఏముందని పోస్టుమాన్ కుంజప్పన్ అడిగాడు. నేను అబద్ధం ఆడను కదా, ప్రాణమున్న క్రిములన్నాను. అప్పటి నుంచి గేటు దగ్గరే నిలబడి ఉత్తరాలు విసిరేస్తున్నాడు. మీ అమ్మ రాసిన కార్డు బురదలో పడింది. ఆమె ఏం అడిగిందో తెలియదు కనుక దేనికైనా సరేనని చెప్పు.

అయినా గడప దాకా వచ్చినవాళ్ళని వాకిట్లో నిలబెట్టడం మా పుట్టింటి అలవాటు కాదు. ఎండ తగలకూడదన్నావు కదా, ఈ ఇంట్లో అన్నిటికన్నా చల్లటి చోటు మీ పెదనాన్న మంచం కింద. అక్కడే పెట్టాను. సాయంత్రం గంజిలో బెల్లం వేసి పక్కన ఉంచుతున్నాను. బాగానే తింటున్నారు. మర్నాటికి గిన్నె పులిసి పొంగుతోంది.

పైలి బావగారు వచ్చి చూసి గుండెలు బాదుకున్నాడు. "రోగం పోయే దారి చూడమంటే రోగాన్ని మంచం కింద పెట్టుకున్నావా? అదీ మా తమ్ముడి మంచం కిందా?" అన్నాడు. "మీ తమ్ముడు ఉండి ఉంటే మంచం మీదే పడుకోబెట్టేవాడు" అన్నాను. మాటకి మాట అప్పజెప్పకపోతే ఆ మనిషితో వేగలేం.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ ఏడు జ్వరాలు ఎక్కువగా ఉన్నాయని, పుణ్యాత్ముడు సెబస్త్యానోస్ గారి అంబు బాణాన్ని జనవరి పండగ దాకా ఆగకుండా ఇప్పుడే ఇల్లిల్లూ తిప్పుతామని ఫాదరు చెప్పాడు. ఆ బాణం గడప తొక్కితే ఇంట్లో క్రిమి అన్నది నిలవకూడదు. చర్చి గంటలు కొట్టే లోనప్పన్ నన్ను దారిలో ఆపి అడిగాడు. "అంబు వస్తే నీ చుట్టాలు పోతారా, ఉంటారా? ముందది తేల్చు" అన్నాడు.

పోతే నా తోట పోతుంది. పోకపోతే పుణ్యాత్ముడి పరువు పోతుంది. నన్నేం చెయ్యమంటావు? రేపో మాపో వెళ్ళగొట్టబోయే వాళ్ళని ఈలోపు తోటలో కాపురం పెట్టించడం దేనికని పొట్లం అలాగే ఉంచాను. వెంటనే జవాబు రాయి.

పెద్దమ్మ


త్రిస్సూరు
జూలై 12

పెద్దమ్మా,

గంజి పోయొద్దు! వాళ్ళు భోజనానికి రాలేదు! చుట్టాలని నేను మాటవరసకన్నాను. బుద్ధి గడ్డి తిని అన్నాను.

పులిసింది గంజి దానంతటది. అందులో వీళ్ళ ఘనకార్యమేమీ లేదు. ఇవి రోగం తెచ్చే క్రిములు కావు. రోగం తెచ్చేవాటి మీద కాపలా ఉండేవి. అన్ని క్రిములూ చెడ్డవైతే నీ కుండలో పెరుగు ఎలా తోడుకుంటోంది? అదీ అలాంటివాళ్ళ పనే. ఇన్నేళ్ళుగా అంబు మీ ఇంటికొస్తోంది కదా, ఏ ఏడైనా నీ పెరుగు తోడుకోకుండా పోయిందా? అంత పుణ్యాత్ముడికి మంచీ చెడూ తెలియవా? లోనప్పన్‌కి ఇదే మాట చెప్పు.

చెప్పి ఊరుకో. వాదన పెట్టుకోకు. ఈ ఉత్తరం చదవగానే పొట్లం విప్పి పేడలో కలుపు. రోజు గడిచిన కొద్దీ ఒక్కో తీగ పోతుంది.

బిన్సీ


పుల్పళ్ళి
ఆగస్టు 2

బిన్సీ తల్లికి,

నీ పెరుగు మాట నేను లోనప్పన్‌కి చెప్పడం, వాడు దాన్ని చర్చి కమిటీ సభలో లేవదీయడం, కొంప మునగడం అన్నీ అయ్యాయి. ఊళ్ళో సగం మంది పెరుగు మానేశారు. లోనప్పన్ అయితే, "యాభై ఏళ్ళుగా తెలియక తిన్నాను, దేవుడు క్షమించాలి" అని సభలోనే లెంపలేసుకున్నాడు. ఫాదరు ముందు నవ్వాడు. నవ్వినందుకు తర్వాత చాలా బాధపడి ఉంటాడు, ఎందుకంటే సభ మధ్యాహ్నం దాటినా తెమల్లేదు.

పొరుగింటి మరియం లేచి, "పిల్లలకైతే జ్ఞానస్నానం ఇస్తాం. వీళ్ళకీ ఇచ్చేస్తే మనవాళ్ళైపోతారు, అంబు ఏమీ చెయ్యదు" అంది. కోట్లమందికి పేర్లెవరు పెడతారు, జ్ఞాన తల్లిదండ్రులుగా ఎవరు నిలబడతారు అని ఇంకొకరు అడ్డుపడ్డారు. అప్పుడు లోనప్పన్ అసలు మాట పట్టుకున్నాడు. "త్రిస్సూరు నుంచి వచ్చారంటున్నావు. కొత్తగా ఊళ్ళోకొచ్చి కాపురం పెట్టేవాళ్ళు పాత ఊరి చర్చి నుంచి ఫాదరు చీటీ తేవాలా వద్దా? నా పెళ్ళికి ఆ చీటీ కోసం నన్ను మూడుసార్లు తిప్పారు. నాకో న్యాయం, వీళ్ళకో న్యాయమా?"

ఆకలి మీదున్న ఫాదరు, "సరే, చీటీ తెప్పించండి, అప్పుడు చూద్దాం" అని లేచి వెళ్ళిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చీటీ వచ్చేదాకా పొట్లం విప్పనని నా చేత మాట తీసుకున్నారు. కనుక నువ్వు వెంటనే మీ చర్చి ఫాదరు దగ్గరికెళ్ళి చీటీ రాయించుకుని పంపు.

నవ్వుతున్నావేమో. నవ్వు. కానీ పైలి రబ్బరు మొక్కలు తెచ్చి పెరట్లో పేర్చేశాడు. నల్లటి సంచులే సంచులు. కోడి కూడా పక్కకి తిరిగి నడవాల్సి వస్తోంది. పై వాలు దాదాపు పోయింది. కింది వాలులో ఇంకా పచ్చదనం ఉంది.

నాకు భయంగా ఉందే బిన్సీ. తిండికి లోటుండదు, పైలి తన ఇంట్లో ఒక గది ఇస్తానన్నాడు. కానీ ఆ తోట లేకపోతే పొద్దున లేచి నేనెక్కడికి వెళ్ళను?

పెద్దమ్మ


త్రిస్సూరు
ఆగస్టు 18

పెద్దమ్మకి,

సిగ్గు విడిచి మా ఫాదరు దగ్గరికెళ్ళాను. ఆయన పెద్దాయన. విన్నంతసేపూ ముఖం కదపకుండా విన్నాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, చర్చి ముద్ర వేసి మరీ రాశాడు. "ఈ చీటీతో వచ్చువారు మా ఊరివారే. చెడు నడత లేదు. వివాహానికి అడ్డంకులు లేవు." దీనితో పాటు పెట్టాను.

ఇక రెండో సంగతి ఎలా రాయాలో తెలియడం లేదు.

నీకు పంపిన పొట్లం తీసిన పెట్టెలోనే ఇంకొన్ని ఉన్నాయి. ఎందుకో అనుమానమొచ్చి వాటిలో ఒకదాన్ని పరీక్షకి పెట్టాను. బతికి ఉంటే గాజు పళ్ళెంలో పచ్చటి చుక్కలుగా పెరగాలి. ఏమీ రాలేదు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ రాలేదు. అది పోయిన ఏటి సరుకట. ఎండాకాలమంతా రేకుల కప్పు కింద ఉండిపోయిందట. నేను తేదీ చూసుకోలేదు.

అవి చచ్చిపోయాయి పెద్దమ్మా. నీ దగ్గరికి వచ్చేటప్పటికే. నువ్వు మంచం కింద పెట్టుకున్నది ఉత్త పిండిని. అందరితో గొడవపడింది కూడా దాని కోసమే. నాకు ఏడుపొస్తోంది. కొత్తవి తయారవుతున్నాయి, కాగానే పంపుతాను. ఓణం లోపు అందుతాయని మాత్రం చెప్పలేను. పైలి పెదనాన్నని కాళ్ళు పట్టుకునైనా ఆపు. ఆ పాత పొట్లం పెంట మీద పారెయ్యి.

బిన్సీ


పుల్పళ్ళి
ఆగస్టు 30

బిన్సీ తల్లికి,

కవరు చింపగానే ముందు చీటీ కనబడింది. సంతోషం పట్టలేక నీ ఉత్తరం చదవకుండానే చీటీ పట్టుకుని చర్చికి పరుగెత్తాను. లోనప్పన్ గట్టిగా చదివి, ఫాదరుకి చూపించి, "ఇవాళ్టి నుంచి వీళ్ళు మన ఊరివాళ్ళు" అన్నాడు. ఇంటికొచ్చి కాఫీ పెట్టుకుని అప్పుడు నీ ఉత్తరం చదివాను.

పెంట మీద పారెయ్యమంటావా? ఒక కప్పు కింద ఉన్నవాళ్ళనా? మళ్ళీ చర్చికే వెళ్ళి, పోయారని చెప్పాను. లోనప్పన్, "చీటీ వచ్చేసింది కదా. కొట్టనని చెప్పడానికి నేనెవర్ని?" అని చావు గంట కొట్టేశాడు.

ఊరంతా గొడుగులేసుకుని మా ఇంటికొచ్చింది. అందరూ నేనే పోయాననుకున్నారు. గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి కొందరి ముఖాలు చిన్నబోయాయి కూడా. వాళ్ళ పేర్లు గుర్తుపెట్టుకున్నాను. సంగతి చెప్పాక మాత్రం ఎవరూ వెనక్కి పోలేదు. వర్షంలో అంత దూరం నడిచి వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో ఎలా పోతారు? మరియం ఏడుపు మొదలెట్టింది. ఆమెకి ఎవరి ఇంట్లోనైనా ఏడుపొస్తుంది. ఫాదరు తను ప్రార్థన చదవనన్నాడు. జనం చదువుకుంటే ఆపననీ అన్నాడు. గేటు దగ్గర గొడుగు పట్టుకుని చివరి దాకా నిలబడ్డాడు. పొడిని కింది వాలులో పూడ్చి పేడ కప్పాం.

చుట్టాలే పోయాక ఇంక ఓణం దాకా ఆగడం దేనికని మర్నాడే పైలి గొడ్డలి, ఇద్దరు కూలీలతో దిగాడు. లోనప్పన్ గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. "గంట మోగిన ఇంట నలభయ్యొకటో రోజు భోజనం పెట్టేదాకా చెట్టు మీద కత్తి పడకూడదు, కొత్త మొక్క నాటకూడదు. ఇంటికి పెద్దవాడివి నువ్వు. మైల పట్టాల్సింది కూడా నువ్వే."

"పిండికి మైలేంటిరా!" అని పైలి అరిచాడు. కూలీలు అప్పటికే గొడ్డలి కింద పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. ఊరంతా చూస్తోంది. ఏం చేస్తాడు? కూర్చున్నాడు.

అప్పటి నుంచి గడ్డం పెంచుతున్నాడు, చేపా మాంసం మానేశాడు. రోజూ సాయంత్రం ప్రార్థనకి వచ్చి, నన్ను తిట్టుకుంటూ మోకాళ్ళ మీద కూర్చుంటున్నాడు. మొన్న మధ్యలో మాట ఆగిపోయింది. దగ్గనుకున్నాను. చూస్తే ఏడుస్తున్నాడు, భుజాలు ఎగిరిపోయేలా ఏడుస్తున్నాడు. మీ ఔసేప్ పెదనాన్న పోయినప్పుడు పైలి కొడగులో అల్లం పొలాల దగ్గర ఉన్నాడు. వరదకి దారి తెగి, వచ్చేసరికి సమాధి మీద గడ్డి మొలిచింది. మైల పట్టలేదు, కూర్చోలేదు, ఏడవలేదు. "ఏలిక్కుట్టీ, వాడు చివర్లో ఏమైనా అన్నాడా?" అని అడిగాడు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. "అన్నయ్య బయల్దేరాడా, దారిలో ఏమైనా తిన్నాడా అని అడిగారు" అన్నాను. నిజమే చెప్పాను. అడిగితే ఎప్పుడో చెప్పేదాన్ని.

నీ వాళ్ళు చచ్చి నాకు గడువిచ్చారు. కొత్తవాళ్ళని త్వరగా పంపు.

పెద్దమ్మ


త్రిస్సూరు
సెప్టెంబరు 10

పెద్దమ్మకి,

నీ ఉత్తరం క్యాంటీన్‌లో చదివాను. చావు గంట దగ్గర పొలమారి టీ అంతా బల్ల మీద పోసుకున్నాను. పైలి పెదనాన్న దగ్గరికొచ్చేసరికి ఇంక చదవలేక మడిచి సంచిలో పెట్టుకున్నాను. మిగిలింది బస్సులో చదివాను.

ఇవిగో కొత్తవి. తేదీ చూశాను, పరీక్షకి పెట్టాను, పళ్ళెం నిండా మొలిచాయి. చుట్టాలు కారు, మందు. మంచం కింద కాదు, పేడలో. కింది వాలులో పచ్చగా ఉన్న ప్రతి తీగ మొదట్లోనూ వెయ్యి, నీరు నిలవకుండా కాలువ తియ్యి. పై వాలు మీద ఆశ పెట్టుకోకు. మళ్ళీ ఎవరైనా చీటీ అడిగితే పాత చీటీలోనే వీళ్ళూ ఉన్నారని చెప్పు.

బతకాలని కోరుకుంటూ,
బిన్సీ


పుల్పళ్ళి
అక్టోబరు 11

బిన్సీ తల్లికి పెద్దమ్మ దీవెనలు.

ఈసారి కుంజప్పన్ పొట్లాన్ని రెండు చేతులా పట్టుకుని వరండా దాకా తెచ్చాడు. పేడలోనే కలిపాను. ఒక్క ముక్క బెల్లం వేశాను, కోప్పడకు. గొడ్డలి ముట్టకూడదు గానీ పేడ తట్ట మోయకూడదని ఎవరూ అనలేదు కదా అని పైలిని పిలిచాను. గడ్డంతో, మైలతో, గొణుక్కుంటూ కింది వాలంతా మోశాడు. జ్వరాలు తగ్గాయని అంబు ఊరేగింపుని ఫాదరు మళ్ళీ జనవరికే మార్చేశాడు. ఆయన ముఖంలో అంత శాంతి నేనెప్పుడూ చూడలేదు.

నలభయ్యొకటో రోజు భోజనం బాగా జరిగింది. ఊరంతా తిన్నది. కాళన్ కూరలో పెరుగుందని ఎవరూ గుర్తు చెయ్యలేదు.

మర్నాడు పొద్దున్నే పైలి గడ్డం గీయించుకుని గొడ్డలితో వచ్చాడు. కాఫీ గ్లాసు పట్టుకుని వెనకే ఎక్కాను. పై వాలులో ఎండిన తీగలన్నీ లాగి కుప్ప పోశాడు. చచ్చినవాటిని చచ్చాయనే అనాలి. తర్వాత కింది వాలుకి దిగాడు. అన్నీ బతకలేదు తల్లీ. ఎక్కువ బతికాయి. కణుపుల దగ్గర లేత చిగుళ్ళు, గోరంతవి. పైలి ఒక తీగ దగ్గర ఆగి చాలాసేపు చూశాడు. "ఇది ఎవరు పెట్టారు?" అన్నాడు. "తీగ నేను. గొయ్యి మీ తమ్ముడు" అన్నాను. వంగి మొదలు తడిమి చూసి, "లోతుగానే తవ్వాడు వెధవ" అన్నాడు. గొడ్డలి భుజాన వేసుకుని దిగిపోయాడు.

ఆ సాయంత్రం జీపు వచ్చి రబ్బరు సంచులన్నీ తన పొలానికి పట్టుకుపోయింది. ఇవాళ మళ్ళీ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "పై వాలు బోసిగా ఉంది. వచ్చే వానలకి కొత్త తీగలు పెడదాం. గోతులు నేను తవ్వుతాను, నువ్వు పెట్టు. ఆ పిల్లకి రాసి, అప్పటికి ఇంకో పొట్లం తెప్పించు" అన్నాడు. కాఫీ ఇస్తే లోపలికొచ్చి మీ పెదనాన్న మంచం మీద కూర్చుని తాగాడు.

కనుక వానలకి ముందే పంపు. తేదీ చూసుకుని, బతికున్నవాళ్ళనే పంపు తల్లీ. చచ్చినవాళ్ళ కోసం ఏడ్చే ఓపిక మా ఇద్దరికీ ఇక లేదు.

నీ పెద్దమ్మ,
ఏలిక్కుట్టి